నీళ్ళు తాగడానికో ఊరు

కోబ్లెంజ్ స్టేషన్‌లో పెద్ద రైళ్ళు గలగలా వచ్చి పోతుంటాయి. వాటి మధ్య ఒక ప్లాట్‌ఫారం మీద రెండు మూడు పెట్టెల డీజిల్ రైలు తన వేళ కోసం చూస్తూ నిలబడి ఉంటుంది. అది కదిలిన కాసేపటికే రైన్ నదిని దాటుతుంది. ఆ పెద్ద నదిలో వచ్చి కలిసే లాన్ అనే చిన్న నదిని పట్టుకుని కొండల మధ్యకు మలుపు తిరుగుతుంది. కిటికీలో ఒక పక్క నీళ్ళు, రెండో పక్క అడవి. ఇరవై నిమిషాలు అటూ ఇటూగా బాడ్ ఎమ్స్ వచ్చేస్తుంది.

జనాభా సుమారు పదివేలు. మన లెక్కలో ఒక మండల కేంద్రం పాటి ఊరు. అయినా యూరప్‌ను తలకిందులు చేసిన ఒక యుద్ధానికి నిప్పురవ్వ ఇక్కడే రాజుకుంది. ఒక భాష గొంతు నొక్కిన ఉత్తర్వు మీద ఇక్కడే సంతకం పడింది. దస్తయేవ్‌స్కీ ఇక్కడి అద్దె గదిలో కూర్చుని తన ఆఖరి నవలలో కొంత భాగం రాశాడు. వీళ్ళంతా ఈ ఊరికి వచ్చింది రాజకీయానికో సాహిత్యానికో కాదు, నీళ్ళు తాగడానికి.

జర్మనీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్ళు రైల్వే మ్యాపులో ‘బాడ్’ అని మొదలయ్యే ఊళ్ళ పేర్లు చూసి, ఇన్ని చెడ్డ ఊళ్ళేమిటని మొదట్లో ఆశ్చర్యపోతారు. జర్మన్‌లో బాడ్ అంటే స్నానం. ఊరి పేరు ముందు ఆ మాట పెట్టుకోవడం ఎవరి ఇష్టం వాళ్ళది కాదు. నేలలో ఊరే నీటికో, గాలికో, బురదకో వైద్య గుణం ఉందని పరీక్షల్లో తేలాలి. చికిత్స చేసే వైద్యులు, స్నానశాలలు, నడిచేందుకు తోటలు ఉండాలి. అన్నీ చూసి రాష్ట్ర ప్రభుత్వం ఆ హోదా ఇస్తుంది. ఇలా ఊళ్ళో ఉండి చేయించుకునే చికిత్సను ‘కూర్’ అంటారు. అందుకే ఈ ఊళ్ళన్నిటిలో ఒక కూర్‌పార్క్, ఒక కూర్‌హౌస్ తప్పకుండా కనిపిస్తాయి.

కూర్ అంటే ఇప్పుడు మూడు వారాలు. పాత రోజుల్లో పొద్దున్నే ఆరేడు గంటలకు గ్లాసు పట్టుకుని ఊట దగ్గర వరుసలో నిలబడేవారు. ఒక గ్లాసు తాగడం, బ్యాండు వాయిస్తుంటే నది ఒడ్డున నడవడం, మళ్ళీ ఒక గ్లాసు, మళ్ళీ నడక, ఆ తర్వాతే ఫలహారం. మధ్యాహ్నం స్నానం, సాయంత్రం సంగీతం. డాక్టరు చీటీలో ఎన్ని గ్లాసులో ఎన్ని అడుగుల నడకో రాసి ఉండేది. ఈ ఊళ్ళ కట్టడమంతా ఆ దినచర్యకు తగ్గట్టే సాగింది. ఊట నుంచి తోటకు, తోట నుంచి నాటకశాలకు నెమ్మదిగా నడిచే మనిషి అలసిపోకూడదన్నదే అప్పటి లెక్క. రెండు రోజుల కోసం వెళ్ళేవాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఇదే. గంటకొక కోట చూసేయాలన్న తొందరతో వెళితే బాడ్ ఎమ్స్ మధ్యాహ్నానికల్లా అయిపోతుంది. ఊరి నడకతో నడిస్తే రెండు రోజులూ చాలవు.

రైలుకూ ఈ ఊరికీ ఉన్న బంధం పాతది. అప్పట్లో ఈ ప్రాంతం నస్సావు అనే చిన్న సంస్థానం. లాన్ లోయ పొడవునా రైలు మార్గం వేయాలనుకున్నప్పుడు 1858లో మొట్టమొదట తెరిచిన ముక్క రైన్ ఒడ్డున ఉన్న ఒబెర్‌లాన్‌స్టైన్ నుంచి ఎమ్స్ వరకే. మిగతా లోయ దాటి వెట్జ్‌లార్ చేరేసరికి 1863 వచ్చింది. ఆ మొదటి ముక్కతో పారిస్, సెయింట్ పీటర్స్‌బర్గ్ వంటి దూరపు నగరాల నుంచి వచ్చేవాళ్ళకు గుర్రపు బండి ప్రయాణం తప్పింది. ఎమ్స్ స్టేషన్‌కు ఆ వైభవం కొంత ఇప్పటికీ మిగిలే ఉంది. ఇంత చిన్న ఊరికి పట్టాలను కప్పుతూ పైకప్పున్న రైలు హాలు అరుదు.

ఫ్రాంక్‌ఫర్ట్ చుట్టుపక్కల చదువుకునే, ఉద్యోగాలు చేసే తెలుగువాళ్ళకు ఇది శనివారం పొద్దున బయల్దేరి వెళ్ళదగిన దూరం. మైన్జ్ మీదుగా రైన్ ఎడమ గట్టున కోబ్లెంజ్ వెళ్ళే ప్రాంతీయ రైలు మంచిది. కుడి గట్టున, వీస్‌బాడెన్ మీదుగా, ఇంకో లైను ఉంది, అదీ అందమైనదే. కానీ పాటలకెక్కిన లోరెలై కొండ కుడి గట్టునే ఉంది. ఆ గట్టున పోయే రైలు సరిగ్గా ఆ కొండ కిందే సొరంగంలో దూరుతుంది. నీటి నుంచి 132 మీటర్లు నిటారుగా లేచిన ఆ బండను చూడాలంటే అవతలి గట్టు నుంచే చూడాలి. మైన్జ్ దాటాక కుడి వైపు కిటికీ పక్కన కూర్చుంటే చాలు. నది మధ్యలో ఓడలా నిలిచిన ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ కోట కనిపిస్తుంది. వెళ్ళే పడవల దగ్గర సుంకం వసూలు చేయడానికి కట్టింది అది. బింగెన్ నుంచి కోబ్లెంజ్ దాకా దాదాపు 65 కిలోమీటర్ల ఈ లోయను 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టికెట్ కొన్నది ఊరు చేరడానికే. దారిలో ఇదంతా ఉచితం.

టికెట్ సంగతి తేలిగ్గానే తేలుతుంది. దేశమంతటా ప్రాంతీయ రైళ్ళు, బస్సులు, ట్రాముల్లో చెల్లే నెలవారీ ‘డాయిచ్‌లాండ్ టికెట్’ 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైంది. 2025 జనవరిలో 58 అయింది, 2026 జనవరి నుంచి 63. జర్మనీలో ఉండే విద్యార్థుల్లో, ఉద్యోగుల్లో చాలామంది దగ్గర అది ముందే ఉంటుంది కనుక ఈ ప్రయాణానికి విడిగా ఖర్చే ఉండదు. అయితే ఐసీఈ, ఐసీ వంటి వేగపు రైళ్ళలో అది చెల్లదు. ఇంకో మెలిక ఏమిటంటే అది చందా. ఆ నెలతో ఆపేయాలంటే పదో తేదీ లోపే రద్దు చేసుకోవాలి. ఊరి నుంచి చూడవచ్చిన అమ్మానాన్నల కోసం ఒక నెలకు కొన్నవాళ్ళు ఆ తేదీ మరిచిపోతే పై నెల డబ్బూ కట్టాల్సి వస్తుంది. ఐదుగురి దాకా కలిసి వెళ్ళే రాష్ట్రాల టికెట్లు చవకే కానీ, ఫ్రాంక్‌ఫర్ట్ ఉన్నది హెస్సె రాష్ట్రంలో, బాడ్ ఎమ్స్ ఉన్నది రైన్‌లాండ్-ఫాల్జ్‌లో. హద్దు చూసుకుని కొనాలి. పట్టాల మరమ్మతులు ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట సాగుతూనే ఉంటాయి కాబట్టి బయల్దేరే ముందు రోజు రైల్వే యాప్‌లో వేళలు మళ్ళీ ఒకసారి సరిచూసుకోవడం తప్పనిసరి.

స్టేషన్ నుంచి వంతెన దాటితే చాలు, పాత ఊరి అసలు ముఖం ఎదురవుతుంది. నది అంచునే తెల్లని, లేత పసుపు రంగు భవనాలు వరుసగా ఉంటాయి. వెనక కొండ నిటారుగా లేచి ఉంటుంది. లోయ ఎంత ఇరుకంటే ఊరు పక్కకు పెరగడానికి చోటు లేక నది వెంట సాగిపోయింది. పాత కట్టడాలు అంత పదిలంగా నిలవడానికి అదీ ఒక కారణమే. 2021 జూలైలో యునెస్కో ‘యూరప్ గొప్ప స్పా పట్టణాలు’ పేరుతో ఏడు దేశాల్లోని పదకొండు ఊళ్ళను ఒకే వారసత్వ స్థలంగా గుర్తించింది. జర్మనీ నుంచి బాడెన్-బాడెన్, బాడ్ కిస్సింగెన్, బాడ్ ఎమ్స్ ఆ జాబితాలో ఉన్నాయి. చెక్ దేశపు కార్లోవీ వారీ, ఇంగ్లండులోని బాత్, ఫ్రాన్సులోని విషీ వీటికి తోబుట్టువులు. ఆ వరుసలో బాడెన్-బాడెన్‌కు ఉన్న పేరు, జనం, హోటళ్ళ ధరలు బాడ్ ఎమ్స్‌కు లేవు. చిన్న విరామానికి ఇదే మేలు.

ఇక నీళ్ళు. వాన నీరు పలకరాతి పొరల పగుళ్ళలోంచి లోతుకు దిగి, భూమి వేడికి కాగి, దారిలో ఉప్పులను కరిగించుకుని, బొగ్గుపులుసు వాయువు తోపుతో పైకి ఉబుకుతుంది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే వేడినీరు ఊరడం చూసినవాళ్ళకు ఇందులో వింత కనిపించదు. ఎమ్స్‌లో వేడి 57 డిగ్రీల దాకా ఉంటుంది. కూర్‌హౌస్‌లోని ఊటల హాలులో ‘క్రెన్‌షెన్’ అనే ఊట నీటికి శతాబ్దాల పేరు. గోరువెచ్చగా, ఉప్పుప్పగా, సోడా చప్పరించినట్టు ఉంటుంది. మొదటి గుక్కకే బాగుందనేవాళ్ళు తక్కువ.

ఆ నీటిని ఇగిర్చి తీసిన ఎమ్స్ ఉప్పు, 1858 నుంచి తయారవుతున్న ఎమ్స్ చప్పరింపు బిళ్ళలు జర్మనీ మందుల దుకాణాల్లో అందరికీ తెలిసినవే. గొంతు గరగరకు, బొంగురుకు బిళ్ళ నోట్లో వేసుకుంటారు. ఉప్పును గోరువెచ్చని నీళ్ళలో కలిపి ఒక ముక్కు రంధ్రంలో పోసి రెండో దానిలోంచి వదులుతారు. యోగాలో జలనేతి చేసే తెలుగువాళ్ళకు ఈ పద్ధతి వేరే చెప్పనక్కర్లేదు. రాగి లోటా బదులు ఇక్కడ ప్లాస్టిక్ పాత్ర, అంతే తేడా. ముక్కు, గొంతు శుభ్రపడటం వరకు ఆ ఉప్పు నీటి మేలు నిజం. ఊపిరితిత్తులు బాగుచేస్తుందని నమ్మి వచ్చినవాళ్ళ కథ మాత్రం వేరు.

దస్తయేవ్‌స్కీ అలా వచ్చినవాడే. ఊపిరితిత్తుల జబ్బుతో 1874, 1875, 1876, 1879 సంవత్సరాల్లో నాలుగుసార్లు ఎమ్స్‌లో ఉన్నాడు. డాక్టరు చెప్పినట్టు పొద్దున్నే లేచి ఊటల దగ్గర గ్లాసులు లెక్కపెట్టుకుని తాగాడు. జనం రద్దీ, ధరలు, ఒంటరితనం, ఎడతెగని వాన గురించి భార్య అన్నాకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాడు. చివరిసారి వచ్చినప్పుడు ‘కరమజోవ్ సోదరులు’ నవల పని మధ్యలో ఉంది. ఆ నీళ్ళు ఆయన జబ్బును నయం చేయలేదు. 1881 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. రష్యన్ నవలలు తెలుగులో చదివి పెరిగిన తరానికి ఈ ఊళ్ళో ఆగడానికి ఈ ఒక్క కారణమైనా చాలు. రష్యా అతిథులు ఎంత ఎక్కువగా వచ్చేవారంటే 1876లో వాళ్ళ కోసం ఆర్థడాక్స్ చర్చి ఒకటి లేచింది. సెయింట్ అలెగ్జాండ్రా పేరుతో అది ఇప్పటికీ నది ఒడ్డునే ఉంది.

అదే 1876లో, మే 30న, ఎమ్స్‌లో నీళ్ళు తాగుతూ విశ్రాంతి తీసుకుంటున్న జార్ రెండో అలెగ్జాండర్ ఒక ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. తన సామ్రాజ్యంలో ఉక్రెయినీ భాషలో పుస్తకాలు అచ్చు వేయకూడదు, బయటి నుంచి తెప్పించకూడదు, ఆ భాషలో నాటకాలు ఆడకూడదు. ఇంచుమించు ముప్పై ఏళ్ళు, 1905 దాకా, ఆ నిషేధం రచయితల మెడ మీద కత్తిలా వేలాడింది. చరిత్ర పుస్తకాల్లో దాని పేరు ‘ఎమ్స్ ఉత్తర్వు’. భాష పేరు మీద 1953లో రాష్ట్రం తెచ్చుకున్న జాతికి చెందిన యాత్రికుడు ఈ ఒడ్డున ఒక నిమిషమైనా ఆగకుండా వెళ్ళలేడు. పూలమొక్కలు, బ్యాండు మేళం, చల్లగాలి నడుమ కూర్చున్న మనిషి ఎన్నో వందల మైళ్ళ అవతల ఒక పల్లె బడిలోని పాఠాన్ని, ఒక కవి పుస్తకాన్ని ఒక్క సంతకంతో ఆపేశాడు. అది తలుచుకుంటే ఈ నది ఒడ్డు అందం మీద చిన్న నీడ పడక మానదు.

దానికి ఆరేళ్ళ ముందు, 1870 జూలై 13 పొద్దున, ఇదే నది ఒడ్డు బాట మీద ఇంకో కథ జరిగింది. ప్రష్యా రాజు మొదటి విల్‌హెల్మ్ నడకకు వచ్చాడు. ఫ్రాన్సు రాయబారి బెనెదెత్తి ఆయన్ని కలిశాడు. రాజుగారి వంశీకుడొకడు స్పెయిన్ సింహాసనానికి పోటీపడి అప్పటికే తప్పుకున్నాడు. ఇకముందు ఎన్నడూ అలాంటి ప్రయత్నాన్ని సమ్మతించనని రాజు మాటివ్వాలని రాయబారి పట్టుబట్టాడు. రాజు మర్యాదగానే కాదన్నాడు. జరిగింది తంతి ద్వారా బెర్లిన్‌లో ఉన్న ప్రష్యా ప్రధానమంత్రి బిస్మార్క్‌కు చేరింది. ఆయన ఆ తంతిని కుదించి, మాటల్లో మర్యాద తీసేసి పత్రికలకు వదిలాడు. చదివిన జర్మన్లకు తమ రాజును అవమానించారనిపించింది, ఫ్రెంచివాళ్ళకు తమ రాయబారిని గెంటేశారనిపించింది. ఆరు రోజుల్లో ఫ్రాన్సు యుద్ధం ప్రకటించింది. 1871 జనవరి 18న, వెర్సాయ్ భవనంలో, ఎమ్స్‌లో నడకకు వెళ్ళిన ఆ రాజునే జర్మన్ చక్రవర్తిగా ప్రకటించారు. ఆ ఇద్దరూ నిలబడి మాట్లాడిన చోట బాట మీద చిన్న రాయి ఒకటి పొదిగారు. తేదీ, వేళ చెక్కి ఉంటాయి. చూస్తూ నడవకపోతే దాన్ని తొక్కుకుంటూ వెళ్ళిపోతారు.

ఆ యుద్ధం అందరికంటే ముందు దెబ్బకొట్టింది ఈ ఊరినే. 1858 నుంచి ప్రతి వేసవిలో పారిస్ సంగీతకారుడు జాక్ ఒఫెన్‌బాఖ్ తన బృందంతో ఇక్కడికి వచ్చేవాడు. ఆయన చిన్న సంగీత నాటకాలు కొన్ని మొట్టమొదట ప్రదర్శించింది ఎమ్స్‌లోనే. 1870 తర్వాత ఆ రాకపోకలు ఆగిపోయాయి. కొత్త సామ్రాజ్యం జూదశాలలను 1872 చివరికల్లా మూయించింది. ఎమ్స్ జూదశాల మళ్ళీ తెరుచుకున్నది వందేళ్ళు దాటాక, 1987లో. తమ వాకిట్లో పుట్టిన గొడవే తమ అతిథుల్ని తరిమేసిందని అప్పటి హోటళ్ళవాళ్ళు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోవచ్చు.

మన కాలంలో వచ్చిన దెబ్బ ఇంకో రకం. జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థలే కూర్ ఖర్చు భరించేవి. ఏళ్ళ తరబడి ఈ ఊళ్ళు ఆ డబ్బుతో నడిచాయి. 1990ల్లో నిబంధనలు బిగిశాక, నాలుగు వారాల కూర్ మూడు వారాలకు తగ్గింది, అనుమతులూ కష్టమయ్యాయి. రోగులు తగ్గితే గదులు ఖాళీ అవుతాయి, గదులు ఖాళీ అయితే మందుల షాపు నుంచి బేకరీ దాకా అందరికీ నష్టమే. అందుకే ఇలాంటి చాలా ఊళ్ళు వారాంతపు అతిథుల వైపు తిరిగాయి. బాడ్ ఎమ్స్‌లో 2012 చివరలో తెరిచిన ‘ఎమ్సర్ థెర్మె’ అలా వచ్చిందే. వేడినీటి కొలనులు నది పక్కనే ఉంటాయి. లాన్ నీటి మీద తేలే ఆవిరి గది దాని ప్రత్యేకత.

ఇక్కడ తెలుగు కుటుంబాలకు ముందే చెప్పవలసిన మాట ఒకటుంది. కొలనులున్న భాగంలో ఈత దుస్తులు తప్పనిసరి. ఆవిరి స్నానం భాగంలో మాత్రం బట్టలు వేసుకోకూడదన్నది జర్మనీ అంతటా ఉన్న రివాజు. ఆడా మగా అందరూ ఒకే చోట, తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. వాళ్ళకది శుభ్రతకు సంబంధించిన సంగతి, ఎవరూ ఎవరినీ తేరిపార చూడరు. ఇష్టం లేనివాళ్ళు కొలనుల టికెట్ మాత్రమే తీసుకుంటే ఏ ఇబ్బందీ ఉండదు. పెద్దవాళ్ళతో వెళ్ళినప్పుడు టికెట్ కౌంటర్ దగ్గరే ఆ తేడా అడిగి తెలుసుకోవాలి. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు వేడినీటిలో దిగేముందు డాక్టరును అడగాలి. నీళ్ళలో ఉన్నంతసేపూ హాయిగా ఉంటుంది, లేచాకే కళ్ళు తిరుగుతాయి.

రాత్రి బస చేస్తే హోటల్ బిల్లులో గదికి కాక మనిషికి ఇంతని చిన్న రుసుము కనిపిస్తుంది. స్పా ఊళ్ళన్నిటా అది మామూలే, తోటల పెంపకం, కచేరీల ఖర్చు దాంతోనే సాగుతుంది. బదులుగా చాలా ఊళ్ళలో ఇచ్చే అతిథి కార్డుతో కొన్ని రాయితీలు దొరుకుతాయి. దాన్ని అడిగి తీసుకోవడం మేలు. ఆదివారం కిరాణా కొట్లు మూసి ఉంటాయి. మాంసం తిననివాళ్ళు శనివారమే రొట్టె, పెరుగు, పళ్ళు కొని పెట్టుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం కేఫ్‌లు మాత్రం కిటకిటలాడుతుంటాయి. కాఫీ, కేకు వేళ ఇక్కడ పెద్దవాళ్ళకు మన సాయంత్రపు టిఫిన్ వేళంత ముఖ్యం. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ కాలం. వెన్న, బంగాళాదుంపలతో అది ప్రతి హోటల్ బోర్డు మీదా ఉంటుంది, శాకాహారులకు నిశ్చింత.

తల్లిదండ్రులను చూపించడానికి ఏ ఊరికి తీసుకెళ్ళాలా అని ఆలోచించేవాళ్ళకు ఇది ప్రత్యేకంగా పనికొస్తుంది. నది ఒడ్డంతా చదును. మెట్లెక్కి దిగే పని తక్కువ, బెంచీలు ఎక్కువ. కొండ ఎక్కాలని ఉన్నా మోకాళ్ళకు పని పెట్టక్కర్లేదు. 1979లో వేసిన ‘కూర్‌వాల్డ్‌బాన్’ అనే తాడు రైలు 220 మీటర్ల పట్టాల మీద 132 మీటర్ల ఎత్తు ఎక్కిస్తుంది. వాలు 78 శాతం. యూరప్‌లో ఇంత నిటారుగా ఎక్కే తాడు రైళ్ళు కొన్నే. అది ఆ రోజు నడుస్తున్నదీ లేనిదీ కనుక్కుని వెళ్ళాలి. పైనుంచి చూస్తే లోయ ఎంత ఇరుకో, ఊరు ఎంత సన్నగా సాగిందో ఒక్కసారిగా అర్థమవుతుంది. నడవగలిగినవాళ్ళు ఇంకో వైపు వింటర్స్‌బెర్గ్ కొండ మీది రోమన్ కావలి బురుజు దాకా వెళ్ళవచ్చు. రోమన్ సామ్రాజ్యపు సరిహద్దు రేఖ లాన్‌ను దాటింది ఇక్కడే. దాదాపు 550 కిలోమీటర్ల ఆ సరిహద్దు కూడా 2005 నుంచి ప్రపంచ వారసత్వమే. బురుజు మాత్రం 1874లో తిరిగి కట్టింది.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారి పట్టక్కర్లేదు. అదే చిన్న రైలు లాన్ వెంట ఎగువకు లింబుర్గ్ దాకా పోతుంది, అక్కడ ఫ్రాంక్‌ఫర్ట్ రైలు దొరుకుతుంది. దౌజెనావు పాత గోడలు, నస్సావు కోట, ఒబెర్న్‌హోఫ్ దగ్గర కొండకొమ్మున ఆర్న్‌స్టైన్ మఠం, మధ్య మధ్య సొరంగాలు. సొరంగంలోంచి బయటపడ్డ ప్రతిసారీ నది కొత్త మలుపులో కనిపిస్తుంది. వేసవిలో ఆ నీళ్ళ మీద సన్నని పడవలు బారులు తీరి ఉంటాయి. లింబుర్గ్‌లో రైలు మారడానికి గంట వ్యవధి ఉండేట్టు చూసుకుంటే కొండ మీది ఏడు గోపురాల చర్చి దాకా వెళ్ళి రావచ్చు. పాత వెయ్యి మార్కుల నోటు వెనక ఉన్న బొమ్మ అదే. దాని కిందుగా చెక్క చట్రాల పాత ఇళ్ళ సందుల్లో దిగి వస్తే స్టేషన్ పది నిమిషాల నడక.